తెలియని గొంగళిపురుగు కనిపిస్తే: ఏ కెమెరా, ఏ యాప్, ఎవరి మాట?

ముందే చెప్పేస్తాను. ఎప్పుడూ చూడని గొంగళిపురుగు కనిపించి, దాని పేరు తెలుసుకోవాలని ఉంటే చేతిలో ఉన్న ఫోన్ చాలు. చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొనాలా వద్దా అన్నది తర్వాతెప్పుడో ఆలోచించే సంగతి. నేను తీసినవాటిలో పేరు తేలకుండా మిగిలిపోయిన ఫొటోలు చాలానే ఉన్నాయి. వాటిలో మసగ్గా వచ్చినవి తక్కువే. మిగతావన్నీ అద్దంలా ఉన్నాయి, కాకపోతే చూపించాల్సింది చూపించవు.

కెమెరాకి కొత్తగా మాక్రో లెన్స్ తగిలించుకున్న వారంలోనే నాకో పచ్చటి పురుగు దొరికింది. బొటనవేలంత ఉంది. మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి 40 ఫొటోలు తీశాను. ముఖం ఎంత బాగా వచ్చిందంటే దవడలకి అంటిన ఆకు పసరు కూడా కనిపిస్తోంది. తెలిసినవాళ్లకి చూపిస్తే వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, ‘ఏ మొక్క మీద ఉంది?’ రెండోది, ‘పక్క నుంచి తీసిన ఫొటో లేదా?’ రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. 40లో 39 ముఖానివే. మిగిలిన ఒక్కటి నా చెప్పుది. ఆ పురుగు పేరు ఇప్పటికీ తేలలేదు.

అందుకే పరికరాల పోలిక మొదలుపెట్టే ముందు, ఫొటోలో ఏమేం పడాలో చూద్దాం. ఏ పరికరం సరిపోతుందన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఫొటోలో పడాల్సినవి

మొదట కాళ్లు. గొంగళిపురుగుకి బోలెడు కాళ్లున్నట్టు కనిపిస్తుంది గానీ అసలు కాళ్లు ఆరే. తల వెనకే మూడు జతలు, సన్నగా, కీళ్లతో, కొక్కేల్లా ఉంటాయి. ఆ తర్వాత కొంత జాగా ఖాళీ. అది దాటాక మెత్తటి బుడిపెల్లా కనిపించేవి పొట్టకాళ్లు. మామూలుగా ఇవి నడుం దగ్గర నాలుగు జతలు, ఒంటి చివర ఒక జత, మొత్తం ఐదు. ఈ లెక్కలో తేడా కనిపించిందంటే సగం పని అయిపోయినట్టే.

నడుం దగ్గర ఒకే జత, చివర ఒక జత ఉండి, ఒళ్లు విల్లులా వంచి జానతో కొలుస్తున్నట్టు నడుస్తుంటే అది జియోమెట్రిడే కుటుంబం. నడుం దగ్గరి జతలు కొన్ని తగ్గి, సగం సగం వంగుతూ నడిచేవి సెమీలూపర్లు. పంటల్లో దాసరి పురుగు అనేది ఈ బాపతే. కాళ్లే కనిపించకుండా జలగలా జారుతూ, ఒంటి మీద ముళ్ల కుచ్చులు ఉంటే లైమకోడిడే కుటుంబం అనుకోండి, చెయ్యి మాత్రం దూరంగా ఉంచండి.

ఇక పొట్టకాళ్లు ఆరు జతలో అంతకన్నా ఎక్కువో ఉండి, అసలు కాళ్లకీ వాటికీ మధ్య ఖాళీ పెద్దగా లేకపోతే అది గొంగళిపురుగే కాదు. సాఫ్లై అనే కీటకం పిల్ల. సాఫ్లైలు కందిరీగలకి చుట్టాలు. వాటి పిల్లలు అచ్చం గొంగళిపురుగుల్లాగే ఆకులు కొరుకుతూ తిరుగుతాయి. వాటిని సీతాకోకచిలుకల పుస్తకంలో నెలరోజులు వెతికినా దొరకవు. కంటినిబట్టి కూడా పట్టుకోవచ్చు. గొంగళిపురుగు తలకి ఒక్కో పక్క సాధారణంగా ఆరు చిన్న చిన్న చుక్కల్లాంటి కళ్లు ఉంటాయి. సాఫ్లై పిల్లకి ఒక్కో పక్క ఒకటే, నల్లటి గుండీలా స్పష్టంగా ఉంటుంది.

ఇవన్నీ కనిపించేది పక్క నుంచి. పైనుంచి తీసిన ఫొటో ఎంత అందంగా ఉన్నా కాళ్లు చూపించదు. పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, తల ఒకటి, తోక ఒకటి తీస్తే చాలు. తోక దగ్గర ఒకే ఒక కొమ్ము నిలబడి ఉంటే అది చాలావరకు హాక్‌మాత్ అనే రకం మాత్ (సీతాకోకచిలుకల చుట్టం) పిల్ల. ఈ ఒక్క గుర్తుతో వెతకాల్సిన పుస్తకం అరంగుళం మందానికి తగ్గిపోతుంది.

పక్క ఫొటో విలువ ఎంతో తెలియాలంటే మోనార్క్ అనే సీతాకోకచిలుకనీ దాని బంధువుల్నీ చూడాలి. నలుపు, తెలుపు, పసుపు చారలతో మోనార్క్ పిల్లా, ప్లెయిన్ టైగర్ పిల్లా దాదాపు ఒకేలా ఉంటాయి. ఒంటి మీద నల్లటి మెత్తని తంతువులు జతలు జతలుగా లేచి ఉంటాయి. మోనార్క్‌కి అవి రెండు జతలు. ప్లెయిన్ టైగర్‌కి మూడు. అదే గుంపుకి చెందిన కామన్ క్రో పిల్లకి నాలుగు. ఎవరైనా ఐదేళ్ల పిల్లవాడు లెక్కపెట్టి చెప్పగలిగిన తేడా ఇది, ఫొటోలో పడితే. పైనుంచి తీస్తే మధ్యలో ఉన్న జత ఒంటి చారల్లో కలిసిపోతుంది.

రెండోది మొక్క. నన్నడిగితే పురుగు ఫొటో కన్నా మొక్క ఫొటోకే ఎక్కువ మార్కులు వేస్తాను. సీతాకోకచిలుకలు, మాత్‌లు కలిపి ఇప్పటిదాకా పేరు పెట్టిన జాతులే 1,60,000కి పైన ఉన్నాయి. వాటిలో చాలావాటి పిల్లలు ఎంచుకున్న కొన్ని మొక్కల్నే తింటాయి. గన్నేరునే తీసుకోండి. ఆ చెట్టంతా విషం, దాన్ని తిని అరిగించుకునేవి కొన్నే. లావుగా పచ్చగా ఉండి, తల వెనక రెండు నీలి కళ్లలాంటి మచ్చలుంటే ఒలియాండర్ హాక్‌మాత్. చారలూ నాలుగు జతల తంతువులూ ఉంటే కామన్ క్రో. నారింజ రంగు ఒంటి మీద నల్లటి వెంట్రుకల కుచ్చులుండి, మీరు ఉన్నది ఫ్లోరిడా, కరీబియన్ వైపు అయితే సింటోమైడా అనే మాత్. మొక్క పేరు తెలియగానే లక్షల్లోంచి వేళ్ల మీద లెక్కకి వచ్చేశాం.

మొక్క పేరు మీకు తెలియకపోయినా ఫర్వాలేదు. ఆకు పైభాగం, అడుగుభాగం, కొమ్మకి ఆకులు ఎలా అమరాయో తెలిసేలా ఒకటి, పువ్వో కాయో ఉంటే అదొకటి తీయండి. ఒక మాట గుర్తుంచుకోవాలి. పురుగు కూర్చున్న మొక్క అది తినే మొక్క అయి ఉండాలని లేదు. ఆకు అంచున కొరికిన గుర్తులు, కింద రాలిన లద్దె ఉంటే తింటోందని నమ్మొచ్చు. నేల మీదో గోడ మీదో హడావిడిగా పరుగెడుతున్న పురుగైతే తిండి మానేసి ప్యూపా అవడానికి చోటు వెతుక్కుంటూ ఉండొచ్చు. అప్పుడు దగ్గర్లోని మొక్కని రాస్తే గుర్తించేవాళ్లని తప్పుదారి పట్టించినట్టే. ‘నేల మీద నడుస్తూ కనిపించింది’ అని ఉన్నది ఉన్నట్టు రాయండి.

మూడోది కొలత. పక్కనే వేలు పెట్టి తీయొద్దు, కారణం తర్వాత చెప్తాను. నాణెమో, అంకెలున్న చిన్న స్కేలో పెట్టి ఒకటి తీస్తే చాలు. ఏమీ లేకపోతే ‘అగ్గిపుల్లంత పొడవు’ అని రాసుకున్నా పనికొస్తుంది.

రంగుని మాత్రం అతిగా నమ్మకండి. నిమ్మ చెట్టు మీద పెరిగే సీతాకోక పిల్ల చిన్నప్పుడు పిట్ట రెట్టలా గోధుమ, తెలుపు కలిపి ఉంటుంది. ఆఖరి కుబుసం విడిచాక పచ్చగా మారిపోతుంది. ఒకే కొమ్మ మీద రెండూ కనిపిస్తే రెండు జాతులనుకోవడం సహజం. చాలా జాతులు ఐదు దశల్లో పెరుగుతాయి, ప్రతి కుబుసంతో వేషం మార్చేవీ ఉన్నాయి. పచ్చటి ఒలియాండర్ హాక్‌మాత్ పిల్ల ప్యూపా అయ్యే ముందు గోధుమ రంగుకి తిరుగుతుంది. శనగపచ్చ పురుగైతే పేరుకే పచ్చ. అదే జాతి పిల్లల్లో ఆకుపచ్చ, గోధుమ, గులాబీ అన్నీ కనిపిస్తాయి. కాళ్లు, తంతువులు, కొమ్ము, మొక్క, వీటి తర్వాతే రంగు.

ఫోనా, క్లిప్ లెన్సా, కెమెరానా

పైన చెప్పినవన్నీ రెండు మూడు సెంటీమీటర్ల పురుగులో మామూలు ఫోన్‌కే పడతాయి. అందరూ చేసే తప్పు మరీ దగ్గరికి వెళ్లిపోవడం. ఫోన్ ప్రధాన కెమెరా మరీ దగ్గరగా ఉంటే సరిగ్గా ఫోకస్ పట్టలేదు. కాబట్టి వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి తీసి, తర్వాత కత్తిరించుకోండి. ముక్కు మీద పెట్టి తీసిన మసక ఫొటో కన్నా వెనక నుంచి తీసి కత్తిరించింది ఎప్పుడూ మేలు. తెర మీద పురుగుని వేలితో నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత ఫోన్‌నే ఒక వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊపుతూ వరసగా పది తీస్తే ఒకటి తప్పక తగులుతుంది.

కొన్ని ఫోన్లలో మాక్రో పేరుతో విడిగా 2 మెగాపిక్సెల్ కెమెరా ఒకటి ఉంటుంది. దాన్ని లేనట్టే లెక్కేయండి. ప్రధాన కెమెరాతో తీసి కత్తిరించినదే బాగుంటుంది. అల్ట్రావైడ్ కెమెరాకి ఆటోఫోకస్ ఇచ్చి, రెండు మూడు సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లనిచ్చే ఫోన్ల సంగతి వేరు. వాటితో సెంటీమీటర్ పురుగుల్ని కూడా దర్జాగా తీయొచ్చు. ఇబ్బందల్లా ఫోన్ నీడ పురుగు మీదే పడటం.

ఫోన్ కెమెరా మీద తగిలించుకునే క్లిప్ లెన్స్ మీద నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. చవకలో దొరుకుతుంది, సెంటీమీటర్ కన్నా చిన్న పురుగుల్లో కళ్లూ వెంట్రుకలూ చూపిస్తుంది, నిజమే. కానీ ‘ఇన్ని రెట్లు’ అని పెద్ద అంకె రాసి ఉన్నదాన్ని కొన్నారంటే పురుగుకి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. అంత దగ్గరికి వెళ్లేసరికి కొన్ని బిగుసుకుపోతాయి, కొన్ని దారం వదిలి కిందకి జారిపోతాయి. ఫోకస్ పట్టే మందం కూడా కాగితమంత. కొనేట్టయితే తక్కువ రెట్లదే కొనండి. ఇంకో తలనొప్పి ఉంది. ఈ మధ్య ఫోన్లు దగ్గరికి వెళ్లగానే తమంతట తామే ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకి మారిపోతాయి. మీరు క్లిప్ పెట్టింది ఒకదాని మీద, ఫొటో తీస్తున్నది ఇంకొకటి. అరగంటసేపు లెన్స్ పాడైందనుకుని తుడుస్తూ కూర్చున్నవాణ్ని నేనే. సెట్టింగ్స్‌లో ఆటో మాక్రో ఆపేస్తే సరిపోతుంది.

నీళ్లలో తడిసినా చెడని చిన్న కెమెరాలు, ఒలింపస్ టీజీ-6 లాంటివి, ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. సెంటీమీటర్ దూరంలో ఫోకస్ పడుతుంది. వేర్వేరు చోట్ల ఫోకస్ పెట్టిన ఫొటోలని తనే కలిపి ఒకటి చేసిస్తుంది. పురుగు కదలకుండా ఉంటేనే లెండి. మేస్తున్న పురుగు తల గడియారం లోలకంలా ఊగుతూనే ఉంటుంది కాబట్టి కలిపిన ఫొటోలో రెండు తలలు రావడమూ ఉంది. అడవుల్లో, వానల్లో తిరిగేవాళ్లకి, బరువు మోయలేనివాళ్లకి నేను చెప్పేది ఇదే.

ఇక పెద్ద కెమెరా, మాక్రో లెన్స్. 1:1 అంటే వస్తువు ఎంత ఉందో కెమెరాలో బొమ్మ పడే పలక, అంటే సెన్సార్ మీద అంతే పడటం. పెద్ద కెమెరాల్లో ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. అంటే ఏడు సెంటీమీటర్ల హాక్‌మాత్ పిల్ల 1:1లో ఫ్రేమ్‌లోనే పట్టదు, సగానికి సగం బయటే ఉంటుంది. పెద్ద పురుగులకి ఇంత సామాను అక్కర్లేదని దీన్నిబట్టే తెలుస్తుంది. పైగా 1:1 దగ్గర, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్8 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటర్ చుట్టుపక్కలే. కన్ను వస్తే కాలు పోతుంది. అందుకే మాక్రో వాడేవాళ్లు పురుగుకి సమాంతరంగా, సరిగ్గా పక్క నుంచి తీస్తారు. ఒళ్లంతా ఒకే దూరంలో ఉంటే ఆ మిల్లీమీటర్‌లోనే చాలావరకు ఇముడుతుంది. ఫోన్‌కి ఈ బాధ చాలా తక్కువ. దాని సెన్సార్ చిన్నది కాబట్టి తల నుంచి తోక దాకా ఒకేసారి పడుతుంది. గుర్తించడం వరకే అయితే ఇది ఫోన్‌కి కలిసొచ్చే గుణం, ఖరీదైన కెమెరాకి లేనిది.

అయినా మాక్రో లెన్స్ కొనాల్సిన సందర్భాలు లేకపోలేదు. మీకు ఐదారు మిల్లీమీటర్ల పసి పురుగుల మీద ఆసక్తి ఉంటే, వెంట్రుకలు ఎక్కడెక్కడ మొలిచాయో లెక్కపెట్టాల్సిన గుంపుల మీద పడితే, ఫొటో గోడకి తగిలించుకోవాలనుంటే కొనండి. 100 మిల్లీమీటర్ల లెన్స్ అయితే పురుగుకి కాస్త దూరంగా ఉండి తీయొచ్చు, నీడ పడదు. ఇప్పటికే కెమెరా ఉండి లెన్స్ దగ్గర ఆగిపోయినవాళ్లు ఎక్స్‌టెన్షన్ ట్యూబులతో మొదలుపెట్టొచ్చు. లోపల అద్దమే ఉండదు, ఉన్న లెన్స్‌ని సెన్సార్‌కి దూరం జరిపే గొట్టం అంతే.

వెలుతురు, ఇంకా ఒక తెల్ల కాగితం

ఎండ నేరుగా పడుతున్న నున్నటి పచ్చ పురుగు ఫొటోలో తెల్లటి మచ్చలతో నిండిపోతుంది. మీ ఒంటి నీడలోకి తెచ్చుకోండి, లేదా మబ్బు పట్టేదాకా ఆగండి. ఫోన్ ఫ్లాష్ దగ్గర నుంచి కొడితే మొహం పాలిపోతుంది. దానికన్నా పక్కవాళ్ల ఫోన్ టార్చ్‌కి టిష్యూ కాగితం అడ్డం పెట్టించి పక్క నుంచి వెలుగు వేయించడం నయం.

నా సంచిలో ఎప్పుడూ ఉండేది మాత్రం మడత పెట్టిన తెల్ల కాగితం. పురుగు కింద వైపు పట్టుకుంటే వెలుగు వెనక్కి కొట్టి పొట్ట కింద నీడ పోతుంది, కాళ్లు బయటపడతాయి. వెనక పెడితే ఆకుల గందరగోళం పోయి పురుగు అంచు తేటగా వస్తుంది. చెట్ల కింద అన్నీ పచ్చగా కనిపించే చోట అసలు రంగేదో సరిచూసుకోవడానికీ అదే పనికొస్తుంది. గాలికి కొమ్మ ఊగుతుంటే ఇంకో చేత్తో కొమ్మని పట్టుకోండి, పురుగుని కాదు.

రాత్రిపూట వెతికేవాళ్లకి అల్ట్రావయొలెట్ టార్చ్ ఒక సరదా. చాలా గొంగళిపురుగులు ఆ వెలుగులో ఆకుల మధ్య మెరుస్తాయి. పగలు పది నిమిషాలు చూసినా కనిపించని చెట్టు మీద రాత్రి ఒక్కసారి టార్చ్ తిప్పితే నాలుగు బయటపడ్డాయి నాకు. వెతకడానికే ఆ వెలుగు. ఫొటో మామూలు వెలుగులో తీయాలి, లేకపోతే గుర్తించేవాళ్లు నీలిరంగు దెయ్యాన్ని చూస్తారు. ఆ టార్చ్‌ని కళ్లలోకి వేసుకోకూడదు.

పేరు ఎవరు చెప్తారు

ఇక్కడ నాలుగు దారులున్నాయి: యాప్, మనుషులు, పుస్తకం, పెంచి చూడటం. ఒకటి ఎంచుకుని మిగతావి వదిలేయాల్సిన పని లేదు గానీ ఏది దేనికో తెలిసి ఉండాలి.

యాప్ వేగానికి. క్షణంలో ఏదో ఒక పేరు చెప్తుంది. చిక్కంతా ఆ ‘ఏదో ఒక’ దగ్గరే. మాత్‌లు, సీతాకోకల ఫొటోలు జనం ఎక్కువగా తీసేది రెక్కలొచ్చాక. పిల్లలవి తక్కువ, పసి పిల్లలవి మరీ తక్కువ. యాప్ తను చూడని పురుగుని కూడా చూసినవాటిలో దగ్గరదానితో పోల్చి ధీమాగా చెప్పేస్తుంది. ఒక యాప్ ఓసారి నాకు చెప్పిన జాతి అసలు నేనున్న ఖండంలోనే లేదు. నేనూ సంబరంగా నలుగురికి చెప్పుకున్నాను, తర్వాత తలెత్తుకోలేకపోయాను.

అప్పట్నుంచి ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. అదే పురుగువి మూడు వేర్వేరు ఫొటోలు విడివిడిగా ఇస్తాను. మూడింటికీ ఒకటే పేరు వస్తే దాన్ని అనుమానితుల జాబితాలో మొదట పెడతాను. మూడు పేర్లు వచ్చి అవన్నీ ఒకే కుటుంబానివైతే కుటుంబం వరకు నమ్ముతాను. మూడూ మూడు దిక్కులైతే యాప్‌కి తెలియదని అర్థం. అది ఆ మాట తన నోటితో చెప్పదు, మనమే అర్థం చేసుకోవాలి.

యాప్‌ల మధ్య కూడా తేడా ఉంది. గూగుల్ లెన్స్ వెబ్‌లో పోలికలున్న బొమ్మల్ని వెతికి తెస్తుంది. ఆ బొమ్మ కింద పేరు తప్పు రాసి ఉంటే ఆ తప్పే మన దగ్గరికి వస్తుంది. సీక్ యాప్ అలా కాదు. ఖాతా అక్కర్లేదు, నమ్మకం చాలకపోతే జాతి దాకా వెళ్లకుండా కుటుంబం దగ్గరే ఆగిపోతుంది. పిల్లలతో తిరిగేటప్పుడు నేను తీసేది అదే. దాన్ని తయారుచేసింది ఐనాచురలిస్ట్ అనే ప్రకృతి నమోదుల వేదిక వాళ్లే. ఐనాచురలిస్ట్‌లో యంత్రం సూచన కేవలం మొదటి మెట్టు. మీ ఫొటో, తేదీ, స్థలం చూసి మనుషులు పేరు పెడతారు. కనీసం ఇద్దరు చెప్పి, చెప్పినవాళ్లలో మూడింట రెండు వంతులకి మించి ఒకే జాతి అంటేనే అది రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకి పనికొచ్చే నమోదు అవుతుంది. నిజమైన మాట దొరకాలంటే నా ఓటు దీనికే.

అక్కడ పెట్టేటప్పుడు ఒకే పురుగు ఫొటోలన్నీ ఒకే నమోదులో పెట్టండి. ఒక్కో ఫొటోకి ఒక్కో నమోదు చేస్తే తల చూసినవాళ్లకి తోక కనిపించదు. యాప్ చెప్పిన పేరు మీకు నమ్మకం లేకపోతే దాన్ని నొక్కకండి. ‘సీతాకోకచిలుకలు, మాత్‌ల వర్గం’ వరకే పెట్టి వదిలేయండి. తప్పు జాతి పేరు పెడితే అది ఆ జాతి నిపుణుల దగ్గరికి వెళ్లి కూర్చుంటుంది, చూడాల్సినవాళ్లకి కనపడదు. జీవిత దశ అన్న చోట లార్వా (గొంగళిపురుగు దశ) అని గుర్తు పెట్టడం మర్చిపోవద్దు. ఇంటి దగ్గర తీసిన ఫొటో అయితే స్థలాన్ని మసక చేసే సౌకర్యం ఉంది, వాడుకోండి.

సోషల్ మీడియా గ్రూపుల్లో జవాబు తొందరగా వస్తుంది, వాతావరణమూ సరదాగా ఉంటుంది. కానీ మొదటి కామెంట్‌లో ఎవరో ఒక పేరు రాస్తే తర్వాతి పదిమందీ దాన్నే ‘అవును’ అనడం నేను చాలాసార్లు చూశాను. పది ‘అవును’ల కన్నా ‘నాలుగో జత పొట్టకాళ్లు చూశారా’ అని అడిగిన ఒక్కరి మాట గట్టిది. పేరు చెప్పినవాళ్లని కారణం అడగండి. తెలిసినవాళ్లు సంతోషంగా చెప్తారు. ఇంకో సంగతి, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నాణ్యత తగ్గిపోతుంది, తీసిన తేదీ, స్థలం వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి.

పుస్తకాల్లో ఎక్కువ భాగం రెక్కలొచ్చిన సీతాకోకలకే. కొనేముందు పిల్లల బొమ్మలు ఎన్ని ఉన్నాయో తిరగేసి చూడండి. మీ ప్రాంతపు గొంగళిపురుగుల పుస్తకం దొరికితే అదృష్టం, అది ఏ యాప్‌కన్నా మేలు. మొక్క పేరు తెలిసినవాళ్లకి ఇంకో ఖజానా ఉంది. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు ప్రపంచవ్యాప్తంగా ఏ మొక్కని ఏ జాతి పిల్లలు తింటాయో హోస్ట్స్ అనే డేటాబేస్‌లో పోగుచేశారు. అందులో బొమ్మలు వెతుక్కోకండి, అది జాబితా. మొక్క పేరుతో వెతికి, వచ్చిన పేర్లలో మీ ప్రాంతంలో ఉన్నవి ఏరుకుని, ఒక్కోదాని ఫొటో చూసుకుంటూ పోవాలి. ఓపిక ఉన్నవాళ్ల ఆట.

పంట మీద కనిపించి మందు కొట్టాలా వద్దా అన్న టెన్షన్‌లో ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి దగ్గర్లోని వ్యవసాయ అధికారికి పురుగునీ ఆకునీ చూపించండి. అక్కడ పేరు ఒక్క రోజు ఆలస్యమైనా నష్టమే.

పెంచి చూడటం

తిరుగులేని జవాబుకి అందరికన్నా దగ్గరగా వచ్చే పద్ధతి ఇదే, అన్నిటికన్నా బాధ్యత ఎక్కువున్నదీ ఇదే. జర్మనీలో పుట్టిన చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్ 17వ శతాబ్దంలో చేసింది అదే. పురుగుల్ని ఇంట్లో పెంచి, అవి తినే మొక్కతో సహా, గుడ్డు నుంచి రెక్కల దాకా బొమ్మలు వేసింది. 1699లో కూతుర్ని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లింది కూడా ఇందుకే. కెమెరా లేని రోజుల్లో ఆవిడ మొక్కని వదలకుండా గీసింది, నేను 40 ఫొటోల్లో వదిలేశాను.

పెంచొచ్చా లేదా అన్నదానికి నేను పెట్టుకున్న గీతలు ఇవి. అది తినే మొక్క ఏదో కచ్చితంగా తెలియాలి, రోజూ తాజా ఆకులు దొరకాలి. బాగా పెరిగి ప్యూపాకి దగ్గరపడ్డ పురుగే అయి ఉండాలి, పసిదాన్ని తెస్తే చాలావరకు చేతుల్లోనే పోతుంది. ఆ జాతిని, ఆ చోటుని చట్టం కాపాడుతూ ఉంటే తేకూడదు. జాతీయ పార్కుల్లాంటి చోట్ల నుంచి ఆకు కూడా తీయరాదు. ఇవన్నీ కుదిరితే గాలి ఆడే డబ్బా, అడుగున కాగితం, రోజుకోసారి లద్దె ఎత్తేయడం, అంతే పని. గిన్నెలో నీళ్లు పెట్టొద్దు, మునిగిపోతుంది. ఆకులోని తేమే దానికి నీళ్లు. డబ్బాలో చెమ్మ నిలిస్తే బూజు పడుతుంది. హాక్‌మాత్ పిల్లల్లో చాలావాటికి మట్టిలోకి దూరే అలవాటు కాబట్టి నాలుగు వేళ్ల లోతు వదులు మట్టి పెట్టాలి.

ఫలితం ఎప్పుడూ మనం అనుకున్నదే ఉండదు. ఒకసారి ఇలాగే పెంచుతున్న పురుగు ఒక ఉదయం తినడం మానేసి కదలకుండా కూర్చుంది. కుబుసం విడుస్తోందనుకున్నాను. సాయంత్రానికి దాని ఒంట్లోంచి తెల్లటి చిన్న పిల్లలు ఒక్కోటే చర్మం చీల్చుకుని వచ్చాయి. అక్కడే దాని ఒంటి మీదే బియ్యపు గింజంత కూడా లేని గూళ్లు అల్లుకున్నాయి. వారం తర్వాత డబ్బా తెరిస్తే చీమంత కందిరీగలు. నేను తెచ్చేనాటికే వాటి తల్లి ఆ పురుగులో గుడ్లు పెట్టేసింది. ఆ ఫొటోలు కూడా నమోదు చేశాను. సీతాకోక జాతి పేరు రాలేదు గానీ దాన్ని ఏ పరాన్నజీవి తింటుందో తెలుసుకోవాలనుకునేవాళ్లకి పనికొచ్చే సమాచారమే అది. పురుగు ఒంటి మీద తెల్లటి గింజల్లాంటివి అంటుకుని కనిపిస్తే అవి చాలావరకు గుడ్లు కావు, ఈ గూళ్లే. అలాంటిదాన్ని పెంచడానికి తెచ్చుకోకండి.

ప్యూపా అయ్యాక కొన్ని రెండు వారాల్లో బయటికి వస్తాయి, కొన్ని నెలల తరబడి పడుకుంటాయి. చచ్చిపోయిందనుకుని పారేయొద్దు. వచ్చాక రెక్కలు ఆరనిచ్చి, ఫొటో తీసుకుని, తెచ్చిన చోటే వదలాలి.

ముట్టుకోవడం గురించి

వేలు పెట్టి కొలత చూపించొద్దన్నది ఇందుకే. వెంట్రుకలున్నవన్నీ ప్రమాదం కాదు, లేనివన్నీ క్షేమం కాదు, కానీ పేరే తెలియని పురుగు విషయంలో ఆ తేడా మీకెలా తెలుస్తుంది? లైమకోడిడే ముళ్లు తగిలితే నిప్పు తగిలినట్టు మండుతుంది. ఊరేగింపులా వరసగా నడిచే ప్రొసెషనరీ గొంగళిపురుగుల నూగు గాలిలో ఎగిరినా కళ్లూ గొంతూ దురదపెడతాయి. దక్షిణ అమెరికాలోని లొనోమియా పిల్లల విషం రక్తం గడ్డకట్టడాన్నే దెబ్బతీస్తుంది, ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

పురుగుని కదపాల్సి వస్తే ఆకునో కొమ్మనో కదపండి. నూగు అంటుకుంటే రుద్దొద్దు. టేపు అంటించి పైకి లాగితే వెంట్రుకలు దానితో వస్తాయి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. కంట్లో పడినా, దద్దుర్లు ఒళ్లంతా పాకినా, ఊపిరి ఆడకపోయినా పేరు కోసం వెతుకుతూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఫొటో చూపిస్తే వాళ్లకీ పనికొస్తుంది.

మీకు ఏది సరిపోతుంది

దారిలో ఎప్పుడో ఒకసారి కనిపించేవాటి పేరు తెలిస్తే చాలనుకునేవాళ్లకి ఫోన్, సీక్ చాలు, కుటుంబం పేరుతో తృప్తి పడొచ్చు. జాతి దాకా వెళ్లాలనుంటే ఫోన్, తెల్ల కాగితం, ఐనాచురలిస్ట్, మొక్క పేరు చెప్పే స్నేహితుడొకరు. ఈ జాబితాలో నాలుగోది దొరకడమే కష్టం. ఏడాదంతా వీటి వెనకే తిరిగే పిచ్చి పట్టిందని మీకే తెలిశాక కెమెరా సంగతి చూడండి, అప్పుడు కూడా ముందు చిన్న కెమెరా, తర్వాతే మాక్రో లెన్స్.

పురుగు కదిలిపోతోంది, చేతిలో ఒక్క నిమిషమే ఉందనుకోండి. నేను తీసే వరస ఇది: ఉన్నచోటునుంచే ఒకటి, అది పారిపోయినా సాక్ష్యం ఉంటుంది. పక్క నుంచి మూడు. పైనుంచి ఒకటి. తల, తోక ఒక్కోటి. ఈలోగా అది ఆకు అడుగుకి వెళ్లిపోతే వెంటపడను. కొరికిన ఆకుని, ఆ కొమ్మని, మొక్క మొత్తాన్ని తీస్తాను. అవి పారిపోవు కదా.